తాడు ఎప్పుడు వదలాలి

మా ఇంటికి గుర్రం వచ్చిన రోజు నేను వాకిట్లో టమోటా బాక్సులు కడుగుతున్నాను. పత్తికొండ మార్కెట్టుకు సరుకు వేసుకుపోయిన మా ఆయన మధ్యాహ్నానికల్లా రావాల్సింది, పొద్దు వాలాక వచ్చాడు. బొలేరో వెనక తలుపు దించి, "ఏం తెచ్చినానో చూడు" అన్నాడు. చూశాను. లోపల ఒక బూడిదరంగు ఆడగుర్రం, నాలుగు కాళ్ళూ ఎడంగా పెట్టుకుని, చెమటతో తడిసి, కంట్లో తెల్లగుడ్డంతా కనపడేలా నన్ను చూస్తోంది. టమోటాలు అమ్ముకుని రమ్మంటే గుర్రాన్ని తోలుకొచ్చిన మనిషిని ఏమనాలో ఆ క్షణంలో నాకు తోచలేదు. తర్వాత తోచింది. అంతా అన్నాను. అవన్నీ ఇక్కడ రాయను.

ఆయన లెక్క ఆయనకుంది. ఈ మధ్య మా వైపు పెళ్ళికొడుకును గుర్రమెక్కించి మెరవణి తీయడం మామూలైంది. ఒకప్పుడు పెద్దిళ్ళకే ఉన్న సరదా ఇప్పుడు అందరికీ కావాలి. ఆదోనిలో గుర్రాలు పెంచే ఒక సాయిబు దీన్ని వదిలించుకోవాలని చూస్తున్నాడని మార్కెట్టులో విని అటు పోయాడు. ఎందుకు వదిలించుకుంటున్నాడో మా ఆయన అడగలేదు. చవకగా వచ్చే దాన్ని ఎందుకు చవకని అడిగే అలవాటు ఆయనకు మొదటి నుంచీ లేదు. తర్వాత తెలిసింది, ఏదో మెరవణిలో దాని కాళ్ళ దగ్గరే టపాకాయల సరం పేలిందట. అప్పటి నుంచి ఎవరు దగ్గరికి వచ్చినా తల ఎత్తి వెనక్కి గుంజుతుంది, తాడు బిగిస్తే ముందరి కాళ్ళు పైకెత్తి లేస్తుంది. పెళ్ళికొడుకును ఎక్కించుకునే మాట దేవుడెరుగు, నీళ్ళ బకెట్టు దగ్గరికి రావడానికే దానికి అరపూట పట్టేది.

"గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు" అని ఉలవలు నానబెట్టినప్పుడల్లా గొణిగేదాన్ని. వినపడేలాగే గొణిగేదాన్ని.

ఇక మా మామ సంగతి చెప్పాలి. నేను చెప్పబోయేది గుర్రం సంగతి ఎంతో ఆయన సంగతీ అంత. షుగరు వల్ల ఆయన ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. అరికాల్లో రాయి గుచ్చుకున్న సంగతి ఆయనకే తెలియలేదు. తెలిసేసరికి కాలు తీయడం తప్ప దారి లేకపోయింది. పెట్టుడు కాలు ఇచ్చారు. సిమెంటు నేల మీద దాంతో బాగానే నడుస్తాడు. కానీ మా ఊళ్ళో సిమెంటు నేల ఎక్కడుంది? రాళ్ళలో, దుక్కిలో నాలుగడుగులు వేస్తే చాలు, ఒరుసుకుని పుండు పడుతుంది. మళ్ళీ పుండు పడితే మోకాలు కూడా దక్కదని డాక్టరు గట్టిగా చెప్పాడు. దాంతో ఆ కాలు అటక మీదికి, మా మామ రేకుల పంచలో నవారు మంచం మీదికి చేరారు.

ఆయన చేను వంకకు అవతల, మిట్ట మీద ఉంది. తన చేతులతో రాళ్ళు ఏరి, ఆ రాళ్ళతోనే చుట్టూ గట్టు వేసుకున్న చేను. ట్రాక్టరు వంక దాకానే పోతుంది. అక్కడి నుంచి ఎగుడుదిగుడు రాళ్ళ బాట. ఎవరైనా మోస్తే తప్ప ఆయన పోలేడు. మోసుకుపోతామని మా ఆయన అడగకపోలేదు. మామ ఒకే మాట అన్నాడు.

"నన్ను మోసేది ఒక్కసారేలేప్పా. అంత తొందర యాల?"

ఆ తర్వాత ఎవరూ అడగలేదు. తొలకరి పడితే మా చుట్టుపక్కల చేలల్లో వజ్రాలు వెతకడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. వాళ్ళు మా ఇంటి ముందు నుంచే మిట్ట వైపు పోతుంటే మామ మంచం మీద నుంచి చూసేవాడు. "రాళ్ళేరుకునేటోళ్ళకు గూడా నా చేను కనపడ్తాది. నాకే కనపడదు" అన్నాడు ఒకరోజు. ఎవరితోనూ అనలేదు, గోడతో అన్నాడు. నేను వంటింట్లో ఉండి విన్నాను. ఆయన ఒక్కసారైనా ఆ చేలో నిలబడాలి అని నేను అనుకున్నది ఆ రోజే. ఎలాగో మాత్రం నాకు తెలియదు.

తెలిసినా నేనేం చేయగలను? మాది కడప వైపు, ముగ్గురాయి గనుల పక్క ఊరు. మా నాన్న గనిలో లారీ తోలేవాడు. నాకు పశువుల సంగతి తెలియదు, మామల సంగతి అంతకంటే తెలియదు. ఈ ఇంట్లో అడుగుపెట్టగానే అత్త చెప్పిన మొదటి మాట, కోడలు మామ ఎదుట కూర్చోకూడదు, చేతికి చేయి తగిలేలా ఏదీ ఇవ్వకూడదు అని. చెంబు పక్కన పెట్టాలి, ఆయన తీసుకోవాలి. అత్త పోయి చాలా ఏళ్ళయినా ఆ పద్ధతి పోలేదు. కాలు పోయాక కూడా పోలేదు. మా ఆయన మార్కెట్టులో ఉన్నప్పుడు ఒకసారి మామ మంచం దిగబోయి పడ్డాడు. నేను పరుగెత్తుకొచ్చి చేతులు చాచాను. ఆయన మోచేతుల మీద పైకి లేస్తూ, "నువ్వు లోపలికి పోమ్మా" అన్నాడు. కసిరినట్టు కాదు, బతిమాలినట్టు. లోపలికి పోయి తలుపు వెనక నిలబడ్డాను. ఆయన నేల మీద పాక్కుంటూ మంచం చేరే చప్పుడంతా విన్నాను. అంత ఏడుపు నాకు మా అమ్మ పోయినప్పుడు కూడా రాలేదు.

గుర్రాన్ని బాగు చేసే పని మామ తనంత తానే నెత్తిన వేసుకున్నాడు. వయసులో ఉన్నప్పుడు కోడెలకు కాడి నేర్పడంలో ఆయనకు మంచి పేరు. పక్క ఊళ్ళ వాళ్ళు కూడా మాట వినని కోడెలను ఆయన దగ్గరికి తోలుకొచ్చేవాళ్ళట. "కోడె నేర్సుకుంటాది, గుర్రం నేర్సుకోదా? జంతువు జంతువే గదప్పా" అన్నాడు కొడుకుతో. మా ఆయనకు ప్రాణం లేచొచ్చింది. ఇంట్లో ఒక్కరైనా గుర్రాన్ని తిట్టకుండా మాట్లాడారు.

కోడెకు నేర్పే పద్ధతి మా వైపు అందరికీ తెలిసిందే. ముసలెద్దుకు జతగా కాడి కడతారు. ముసలెద్దు నడిస్తే కోడె నడుస్తుంది, ఆగితే ఆగుతుంది. మనిషి నేర్పేది తక్కువ, పక్కనున్న ఎద్దు నేర్పేది ఎక్కువ. మా కొట్టంలో ఒక ముసలెద్దు ఉంది, జత పోయి ఒంటిగా మిగిలింది. గుర్రాన్ని తెచ్చి దాని పక్కన కట్టించాడు మామ. గుర్రం నేర్చుకోలేదనడానికి లేదు. ఎద్దుతో పాటే మేత గాడి దగ్గరికి పోయేది, ఎద్దుతో పాటే తొట్టి దగ్గరికి వచ్చేది, ఎద్దు పడుకుని నెమరేస్తుంటే పక్కనే కాపలా నిలబడేది. ఎద్దు లేకుండా మాత్రం కొట్టం గడప దాటేది కాదు. మేము మెల్లగా నడవడం నేర్పాలనుకున్నాం. అది ఎద్దు ఉంటే భయం లేదని నేర్చుకుంది.

"ఇంక పెండ్లికొడుకు ముందర ఎద్దుకు గూడా పూలేసి తోలాల్సిందే" అన్నాను. మా ఆయన నవ్వలేదు. మామ మాత్రం తుండుగుడ్డతో చాలాసేపు మీసం తుడుచుకున్నాడు.

తర్వాత ఎద్దు వెనకే దాన్ని వాకిట్లోకి తెచ్చి, తాడు పట్టుకుని గుంజడం మొదలైంది. ముక్కుతాడు లేని జంతువును ఎట్లా ఆపుతారో మామకు అర్థం కాలేదు. ఎద్దు ముక్కుతాడు లాగితే నొప్పికి ముందుకు వస్తుంది. గుర్రం మూతికి కట్టిన తాడు లాగితే అది వెనక్కి లాగుతుంది. మామ మంచం మీద నుంచి "గుంజు, ఇంకా గుంజు" అనేవాడు. మా ఆయన గుంజేవాడు. గుర్రం ఆయన్ని గుంజేది. బలం ఎవరిదో నాకు మొదటి రోజే తెలిసిపోయింది, వాళ్ళిద్దరికీ తెలియడానికి కొన్ని వారాలు పట్టింది.

ఒక పొద్దున మా ఆయన తాడు కొస మామ చేతికిచ్చి మార్కెట్టుకు పోయాడు. చేతులు నొప్పి పుట్టాయేమో, మామ ఆ కొసను తన మంచం కోడుకు కట్టుకున్నాడు. ఎద్దులవాళ్ళు తప్ప ఇంకెవరూ ఆ పని చేయరు. ముసలెద్దును అట్లా ఎన్నిసార్లు కట్టుకుని కునుకు తీశాడో ఆయన. వీధిలో ఎవరిదో లారీ హారను కొట్టింది. గుర్రం వెనక్కి గుంజింది. మంచం కదిలింది. మంచం తన వెంట రావడం చూసి గుర్రం ఇంకా బెదిరిపోయింది, ఇంకా గుంజింది. మా మామ మంచంతో సహా పంచ దాటి, వాకిలి దాటి, దిబ్బ వైపు ఊరేగుతున్నాడు. నేను చేటలో శనక్కాయలు ఒలుస్తున్నదాన్ని చేట పారేసి లేచాను. నోరు తెరిచి అరవబోయాను.

"అరవద్దమ్మా!" అన్నాడు మామ, రెండు చేతులతో మంచం పట్టెలు పట్టుకుని. "యాడికి పోతాదో చూద్దాం."

మంచం నీళ్ళ తొట్టి గట్టుకు తట్టుకుని ఆగింది. తాడు బిగుసుకుపోయింది. గుర్రం మెడ సాచి, కాళ్ళు తన్నిపట్టి గుంజుతూనే ఉంది. ఇక తాడైనా తెగాలి, మంచమైనా విరగాలి. అలసిపోయిందో ఏమో, ఒక్క అడుగు ముందుకు వేసింది. తాడు వదులైంది. అంతే, గుర్రం ఆగిపోయింది. తల దించింది. పెదాలు చప్పరించి, ఏదో నములుతున్నట్టు దవడలాడించి, బుస్సున ఊపిరి వదిలింది.

మంచం విరిగి ఆయన కిందపడి ఉంటే ఏమయ్యేదో అని నేను మంచం కోళ్ళ వైపు చూస్తున్నాను. ఆయన మాత్రం గుర్రాన్నే చూస్తున్నాడు.

"చూసినావామ్మా? మనం గుంజినంతసేపు అది గుంజె. వదులయ్యేసరికి నిలబడె. అది తాడుకు భయపడ్తాలేదు, తాడు వదులైతే బాగుంటాదని చూస్తాండాది."

ఇన్నేళ్ళలో ఆయన నాతో అంత పొడుగు మాట మాట్లాడడం అదే మొదటిసారి.

ఆ రోజు నుంచి పద్ధతి మారింది. తాడు పట్టుకోవడం ఉంది, గుంజడం లేదు. గుర్రం వెనక్కి పోతే ఆయన పట్టు అలాగే ఉంచేవాడు, అంతకు మించి బిగించేవాడు కాదు. అది తన వైపు వేలెడు మొగ్గిందా, గుప్పిట తెరిచేసేవాడు. కొంచెం వదలడం కాదు, పూర్తిగా. గుర్రం నిలబడి ఆలోచించుకునేది. తర్వాత మళ్ళీ. "పట్టుకుంటే అడిగినట్టు. వదిలితే అవును, అదేనన్నట్టు" అనేవాడు. పట్టూ విడుపూ ఉండాలని మన పెద్దవాళ్ళు సంసారం గురించి చెప్తారు. గుర్రానికి పట్టు వల్ల ఏమీ రాదనీ, అది నేర్చుకునేదంతా విడుపు దగ్గరేననీ నాకు మా పంచలో తెలిసింది.

ఇంకొకరైతే విసుగొచ్చి లేచి కర్ర తీసేవాళ్ళు. మామ లేవలేడు, వెంటబడలేడు, కొట్టడానికి అందుకోలేడు. ఆయన దగ్గరున్నది ఒక చెయ్యీ, బోలెడంత పొద్దూ. ఆయనకు రెండు కాళ్ళూ ఉండి ఉంటే ఆ గుర్రం ఎప్పటికీ నేర్చుకునేది కాదేమో అని ఇప్పటికీ నాకనిపిస్తుంది. ఈ మాట ఆయనతో కూడా అన్నాను. "కాలు పోయి మంచిదైందంటావా?" అన్నాడు. తర్వాత నవ్వాడు కాబట్టి బతికిపోయాను.

వదలడంలోనే చిక్కు కూడా ఉంది. ఒకరోజు తాడు పట్టుకుని ఉండగా ఫోను మోగింది. గుర్రం అప్పుడే తల అడ్డంగా విదిలిస్తోంది. మామ ఫోను కోసం తాడు వదిలేశాడు. మాట్లాడి మళ్ళీ తాడు పట్టుకుంటే గుర్రం తల విదిలించింది. మళ్ళీ పట్టుకుంటే మళ్ళీ విదిలించింది. తల విదిలిస్తే తాడు వదులవుతుందని దానికి మనమే చెప్పాం మరి. ఫోను ఎత్తినంతసేపట్లో నేర్చుకున్నదాన్ని మాన్పించడానికి పది రోజుల పైన పట్టింది. అప్పటి నుంచి ఆ వేళకు ఫోను నా దగ్గర ఉండేది. మా ఆయన ఫోను చేస్తే "గుర్రం బడిలో ఉండాది, తర్వాత చెయ్" అని పెట్టేసేదాన్ని.

అలా నేను ఆయనకు కాళ్ళయ్యాను. నీలం రంగు ప్లాస్టిక్ టమోటా బాక్సులంటే గుర్రానికి హడల్. మా ఇంట్లో ఎటు చూసినా అవే. నేనైతే దాన్ని వాటి మధ్యకు తోసుకుపోయేదాన్ని, ఎన్నాళ్ళు భయపడుతుందిలే అని. మామ వద్దన్నాడు. ఒక బాక్సు దూరంగా గోడ దగ్గర పెట్టించి, గుర్రానికి భయం పుట్టనంత దూరంలో ఉలవలు పెట్టించాడు. రోజూ ఉలవల గంప జానెడు దగ్గరికి జరపడం నా పని. ఒకరోజు ఆశకొద్దీ మూరెడు జరిపితే గుర్రం రెండు రోజులు అటు మొహం పెట్టలేదు. చివరికి ఉలవలు బాక్సులోనే పోస్తే మూతి పెట్టి తినింది. ఆ పూట నేను సంతోషం పట్టలేక ఇంకో బాక్సు తెస్తుంటే, "చాలమ్మా. ఈ పొద్దుకు చాలు" అన్నాడు. "బాగా చేసినాక మళ్ళా మళ్ళా అడిగితే తప్పు చేసినానేమో అనుకుంటాది."

మా అత్త కూడా అంతే. నాకు జొన్నరొట్టె తట్టడం రాదు. తట్టి తట్టి, ఎన్నో ముక్కలై, ఒకటి గుండ్రంగా వస్తే "చాలు, లేచి పో" అనేది. అప్పుడు కోపమొచ్చేది, వంట పీట మీద నుంచి లేపేస్తుందే అని. ఆవిడ ఎందుకలా అనేదో నాకు ఒక గుర్రం ముందర అర్థమైంది. చెప్పుకోవడానికి ఆవిడ లేదు.

కొన్ని నెలలకు గుర్రం ఎద్దు తోడు కూడా లేకుండా మామ మంచం దగ్గరికి తనంత తానే వచ్చి, ఆయన భుజం మీద మూతి పెట్టి నిలబడేది. దాన్ని అలా చూసినప్పుడే నాకు ఆ ఆలోచన వచ్చింది. గడప దగ్గర నిలబడి, ఎటో చూస్తూ అన్నాను.

"మామా, ఇది మిట్ట ఎక్కుతాది గదా?"

"గుర్రమన్నాక ఎక్కుతాది."

"మనిషినేసుకొని?"

ఆయన గుర్రం మూతిని పక్కకు జరిపాడు. "పని చూసుకోపో" అన్నాడు. సరే, ఇక ఆ మాట ఎత్తకూడదనుకున్నాను. నేను ఇంకొంచెం అడిగి ఉంటే ఆయన వెనక్కి గుంజేవాడు. అంత మాత్రం నేనూ నేర్చుకున్నాను. రెండో పొద్దున నీళ్ళు తోడి వస్తుంటే, మామ చంకకర్రను గుర్రం పొట్ట దగ్గర నిలబెట్టి, అదే కర్రను మా ఇంటి అరుగు పక్కన పెట్టి, ఎత్తు చూసుకుంటున్నాడు. నేను చూడనట్టు పోయాను. బిందె దించి వంటింట్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

గుర్రం ఎక్కేవాళ్ళందరూ ఎడమ పక్క నుంచి ఎక్కుతారు, ఎడమ కాలు రికాబులో పెట్టి. మామకు ఉన్నది కుడి కాలు. కుడి పక్క నుంచే ఎక్కాలి. అంతేగా, గుర్రాన్ని ఇటు కాకుండా అటు నిలబెడితే సరి అనుకున్నాను. ఎడమ పక్క నుంచి సాయిబు ఇచ్చిన జీను వేసినా, బరువు మూట పెట్టినా చెవి కూడా ఆడించనిది, కుడి పక్క నుంచి అదే మూట ఎత్తేసరికి, జన్మలో మూటను చూడనట్టు ఎగిరి దూరం పోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇన్ని దినాలు నేర్పిందంతా యాడ పోయింది మామా?" అన్నాను.

"యాడికీ పోల్యా. దాపటెద్దును తీసకపోయి వలపట కడితే నడుస్తాదా? ఎడమపక్క ఎద్దు ఎడమపక్కే. ఇదీ అంతే. ఒక పక్క నేర్సింది ఇంకో పక్కకు రాదు. మళ్ళా మొదట్నించి నేర్పాల" అన్నాడు. మంచం లాగించిన ఎద్దుల చదువే ఇక్కడ మమ్మల్ని గట్టెక్కించింది. కుడి పక్క నుంచి చేత్తో తట్టడం, గోనెపట్ట వేయడం, మూట ఆనించడం, అన్నీ మొదటి నుంచి. అది కదలకుండా నిలబడిన ప్రతిసారీ మూట దించేసేదాన్ని. దించడమే దానికి బహుమతి.

ఈలోగా పెళ్ళిళ్ళ కాలం వచ్చింది. ఒకరోజు మా వీధిలో బ్యాండు వాళ్ళు పోతుంటే గుర్రం కొట్టంలో చెమటలు పట్టి వణికిపోయింది. పరుగెత్తలేదు, లేవలేదు, కానీ వణికింది. మా ఆయన చూశాడు. "దీంతో మెరవణి కాదు" అన్నాడు. నందికొట్కూరు వైపు ఒకాయన బండికి కట్టుకోవడానికి గుర్రం అడుగుతున్నాడట, ఇచ్చేస్తానన్నాడు. మా ఆయన తప్పేం లేదు. మెరవణికని తెచ్చాడు, మెరవణికి పనికి రాలేదు. నా దిగులు వేరే. గుర్రం పోతే మామకు మళ్ళీ చేను వైపు పోయే వజ్రాలవాళ్ళను మంచం మీద నుంచి చూడడమే.

"శనక్కాయ పీకేదాకా ఆగు" అన్నాను.

"యాల?"

"చెప్పను. ముందరి కాళ్ళకు బంధమెయ్యొద్దు."

మా ఆయన నా వైపు చూశాడు, అరుగు మీదున్న జీను వైపు చూశాడు. ఏం అర్థమైందో, లేచి బండి కడుక్కోవడానికి పోయాడు. ఆ ఒక్కసారి ఏమీ అడగనందుకు ఆయనకు నేను ఎన్ని దండాలు పెట్టినా చాలదు.

వణుకు గురించి మామను అడిగాను. "అది పోదమ్మా. నేర్సుకున్న భయం పోదు. దాని మీద ఇంకోటి పెరగాల, అంతే" అన్నాడు.

ఆయన మొదటిసారి గుర్రమెక్కిన రోజు నేను గడప లోపలే ఉన్నాను. అరుగు మీద కూర్చుని, జీను పట్టుకుని, కుడి కాలు రికాబులో పెట్టి, లేని కాలు అవతలికి తిప్పి కూర్చున్నాడు. గుర్రం ఒక చెవి వెనక్కి తిప్పి వింటూ నిలబడింది. వెంటనే దిగిపోయాడు. "చాలు" అన్నాడు, గుర్రంతోనో తనతోనో. అలా చాలా రోజులు ఎక్కడం, దిగడం. తర్వాత నేను తాడు పట్టుకుంటే వాకిట్లో ఒక చుట్టు. తర్వాత వీధి చివరిదాకా. ఊళ్ళో వాళ్ళు "ఏమప్పా, ఈ వయసులో పెండ్లికొడుకువైనావే!" అని ఆట పట్టించారు. "పిల్లను చూడప్పా" అన్నాడు మామ.

చేనికి పోయే రోజును ఆయనే ఎంచుకున్నాడు, మా ఆయన మార్కెట్టులో ఉండే రోజు. "వాడుంటే తోస్తాడు" అన్నాడు. తెల్లవారి చల్లపొద్దున బయలుదేరాం. ముందు నేను, వెనక గుర్రం, దాని మీద ఆయన. కొంగు తల మీదికి లాక్కుని నడుస్తున్నాను.

వంక దగ్గర గుర్రం ఆగిపోయింది. రాత్రి వానకు మోకాలి లోతు కూడా లేని నీళ్ళు పారుతున్నాయి. అది నీళ్ళను చూసి తల ఎత్తింది. నా చెయ్యి నాకు తెలియకుండానే బిగిసింది. ఇంత దూరం వచ్చి ఇక్కడ తిరిగిపోవడమా? వెనక్కి చూడకుండానే తెలుస్తోంది, అది లేస్తే ఆయన రాళ్ళ మీద పడతాడు. ఆ భయంతో ఇంకా పట్టుకున్నాను.

"పట్టుకో. గుంజొద్దు" అన్నాడు మామ పైనుంచి. గొంతులో తొందర లేదు.

గుంజలేదు. నిలబడ్డాం. ఎంతసేపో నాకు తెలియదు. గుర్రం తల దించి నీళ్ళను వాసన చూసింది. బుస్సుమంది. ముందుకు మొగ్గింది, వేలెడంత. నేను గుప్పిట తెరిచేశాను. అది ఒక కాలు నీళ్ళలో పెట్టింది, రెండోది పెట్టింది, నన్ను దాటుకుని అవతలి గట్టెక్కి ఆగింది. దాన్ని కౌగిలించుకోవాలనిపించింది. చేతులు జోడించాను, దాని వీపు మీద మామ ఉన్నాడు కాబట్టి ఆయనకే పెట్టాననుకుని ఉంటాడు. ఇద్దరికీ పెట్టాను.

మిట్టెక్కితే చేను. శనక్కాయ చెట్టు గుబురుగా ఉంది, పూత రాలి ఊడలు దిగుతున్న రోజులు. మామ గుర్రం మీద కూర్చుని ఆ కొస నుంచి ఈ కొసకు చూశాడు. మళ్ళీ చూశాడు. తర్వాత, "దిగాల" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. ఇన్ని నెలలూ ఎక్కడం, దిగడం అంతా మా ఇంటి అరుగు మీదనే. చేలో అరుగెక్కడిది? రాళ్ళ గట్టు దూరంగా ఉంది, కాలు పెడితే జారిపోయే రాళ్ళు. ఇప్పుడంటే మా ఆయన అక్కడ బండలు పేర్చి అరుగు కట్టాడు, గుర్రాన్ని అమ్మే మాట కూడా మళ్ళీ ఎత్తలేదు. ఆ రోజు ఏమీ లేదు. గుర్రానికి అన్నీ నేర్పిన ఇద్దరు తెలివైనవాళ్ళం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "పక్క చేలో మొగోళ్ళుంటారు, పిలుచుకొస్తా మామా" అన్నాను.

"వద్దు" అన్నాడు. జీను మీద ఆయన వేళ్ళు కదులుతున్నాయి. అడగబోయే మాట ఆయనకు ఎంత కష్టమో నాకు తెలుసు, అందుకే తొందరపెట్టలేదు, దగ్గరికి కూడా పోలేదు.

"ఇట్ల రామ్మా" అన్నాడు. "నీ భుజమియ్యి."

తాడు కింద పడేసి కుడి పక్కకు పోయి నిలబడ్డాను. ఆయన ఎడమ తొడను గుర్రం మెడ మీదుగా ఇటు తిప్పి నాకు ఎదురుగా కూర్చున్నాడు. గుర్రం కదల్లేదు. ఒక చెయ్యి నా భుజం మీద పడింది. తర్వాత రెండోది. ఈ ఇంటికి కోడలిగా వచ్చాక ఆయన చెయ్యి నా మీద పడడం అదే మొదటిసారి. ఆయన బరువంతా నా మీదికి దించుకుంటూ జారి, కుడి కాలు దుక్కిలో మోపాడు. నా కొంగు తల మీద నుంచి జారిపోయింది. సర్దుకోలేదు.

ఒక కాలి మీద, నా భుజం పట్టుకుని, మామ తన చేలో నిలబడ్డాడు. వంగి ఒక చెట్టు ఆకు తిప్పి చూశాడు. సాళ్ళ మధ్య చూశాడు. ఇక మొదలుపెట్టాడు.

"ఇదేం సేద్యమప్పా! కలుపంతా ఈడనే ఉండాది. ఎవురు తీసినారు కలుపు? నువ్వేనా? కండ్లు యాడ పెట్టుకొని తీసినావు? ఆ మూల చూడు, గరికంతా అట్లనే ఇడిసినారు. నేను ల్యాకుంటే ఇంతే, అంతా ఇంతే..."

నా కళ్ళలో నీళ్ళు నిండి చేను కనపడకుండా పోయింది. ఆయన తిడుతూనే ఉన్నాడు. ఆయన చెయ్యి నా భుజం మీదనే ఉంది. తిట్టడం అయిపోయేదాకా నేను కదల్లేదు.